చేతిలో ఒక ఆఫర్ ఉంది, ఫారిన్ ఇంటర్వ్యూ రిజల్ట్ రాలేదు: ఇప్పుడేం చేయాలి?

ఈ ఎపిసోడ్ ఒకే ప్రశ్న మీద. ఏలూరు నుంచి, గూడెం నుంచి, కైకలూరు, మండవల్లి వైపు నుంచి చాలామంది ఇదే అడుగుతున్నారు. "హైదరాబాద్ కంపెనీ ఆఫర్ లెటర్ పంపింది, శుక్రవారం లోపు ఒప్పుకోమంటోంది. జర్మనీ కంపెనీతో రెండు రౌండ్లు అయ్యాయి, మూడోది ఇంకా ఉంది. ఇది వదిలేసి అది రాకపోతే? ఇది ఒప్పుకున్నాక అది వస్తే?"

మాటల్లో బాగా అర్థం కావాలంటే ఒక అబ్బాయిని ఊహించుకుందాం. కొల్లేరు లంక ఊరు. నాన్న చేపల చెరువు లీజుకి చేస్తాడు. కుర్రాడు గూడెంలో నిట్‌లోనో, ఏలూరులో ఏదో కాలేజీలోనో ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. ఆఫర్ ఏడాదికి 6 లక్షలు అనుకోండి. ఇంట్లో అందరూ తలో మాట. నాన్న "చేతికొచ్చింది వదలకు" అంటాడు. దుబాయ్‌లో ఉన్న మావయ్య ఫోన్ చేసి "ఆ జీతానికి అక్కడెందుకురా" అంటాడు. అమ్మ ఏమీ అనదు, కానీ జర్మనీ అనగానే మొహం మారిపోతుంది.

చేపల చెరువు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఈ లెక్క కొత్త కాదండి. చేప సైజుకి వచ్చింది, ఈరోజు రేటు ఇంత. ఇంకో పది రోజులు ఆగితే రేటు పెరగొచ్చు అని ఆశ. కానీ ఆగిన ప్రతిరోజూ మేత వేయాలి. ఆ పది రోజుల్లో ఏ తెల్లవారుజామునో నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే మొత్తం పోయింది. ఆగడం తప్పని నేను అనట్లేదు. ఆగడానికి రోజుకి ఎంత ఖర్చవుతోందో తెలిసి ఆగండి అంటున్నాను. మీ మేత ఖర్చు ఏంటి? ఎడ్యుకేషన్ లోన్ వడ్డీయా, హాస్టల్ రెంటా, లేక ఖాళీగా గడిచే నెలలా? ఒక కాగితం మీద రాయండి. ఎన్ని నెలలు ఆ ఖర్చు ఇంటికి భారం కాకుండా మోయగలరో తేల్చండి. సున్నా నెలలు అని వస్తే ఇక్కడి ఆఫర్ తీసుకోవడమే. అందులో నామోషీ ఏం లేదు.

సరే, కొంచెం ఆగగలరు అనుకుందాం. అప్పుడు మొదటి పని టైమ్ అడగడం. మనవాళ్లు ఇదే చేయరు! హెచ్.ఆర్. ఫోన్ ఎత్తకుండా, మెయిల్‌కి రిప్లై ఇవ్వకుండా శుక్రవారం వరకు దాక్కుంటారు. దాక్కుంటే వాళ్లకి మీ మీద నమ్మకం పోతుంది, అడిగితే పోదు. చిన్న మెయిల్ చాలు. ఇంగ్లీషులో మీ మాటల్లో రాసుకోండి, సారాంశం ఇలా ఉంటే సరిపోతుంది: "ఆఫర్‌కి ధన్యవాదాలు. ఈ ఉద్యోగం మీద నాకు నిజంగా ఆసక్తి ఉంది. కుటుంబంతో మాట్లాడి, షరతులు పూర్తిగా చదువుకుని నిర్ణయం చెప్పడానికి ఫలానా తేదీ వరకు సమయం ఇవ్వగలరా? ఆ తేదీన ఖచ్చితంగా చెబుతాను." ఇంతే. అందులో తేదీ ముఖ్యం. "కొంచెం టైమ్ కావాలి" అంటే ఎవరూ ఇవ్వరు. "ఈ నెల 18 వరకు" అంటే ఆలోచిస్తారు. వారం, పది రోజులు అడగడం మర్యాదగానే ఉంటుంది. నెల అడిగితే లిస్టులో తరువాత ఉన్నవాడికి ఫోన్ వెళ్తుంది.

అబద్ధం మాత్రం వద్దు. "మా తాతయ్యకి బాలేదు" లాంటివి వద్దు, మీ తాతయ్య బాగుండాలి. సూటిగా అడిగితే "ఇంకో చోట ప్రాసెస్ నడుస్తోంది, ఫలానా తేదీకి తేలిపోతుంది" అని చెప్పొచ్చు. అది తప్పు మాట కాదు. ఏ కంపెనీ అన్నది చెప్పక్కర్లేదు.

రెండో పని అదే రోజు చేయాలి. ఫారిన్ కంపెనీకి మెయిల్. "నాకు ఇంకో ఆఫర్ వచ్చింది, ఫలానా తేదీ లోపు జవాబివ్వాలి. మీ ఉద్యోగమే నాకు మొదటి ఇష్టం. మిగిలిన రౌండ్ ఆ తేదీకి ముందు పెట్టగలరా?" మనకి ఇది రాయాలంటే భయం. "తొందర పెడుతున్నాడు అనుకుంటారేమో" అని. అనుకోరండి. వాళ్లకి ఇది రోజూ వచ్చే మెయిల్. మీరు నచ్చి ఉంటే ముందుకి జరుపుతారు. నచ్చకపోతే "సారీ" అంటారు. రెండూ మీకు మంచివే, సందేహం తీరిపోయింది కదా. జవాబే రాకపోతే? ఆ మౌనం కూడా ఒక జవాబే అనుకుని లెక్క వేసుకోండి.

ఇక్కడ చిన్న విషయం, చాలామంది దెబ్బతినేది. టైమ్ తేడా. జర్మనీలో ఎండాకాలం మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, చలికాలం నాలుగున్నర. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారం మార్చేస్తారు. అంటే అంతకు ముందు వారం ఉదయం 10 గంటల ఇంటర్వ్యూ మనకి మధ్యాహ్నం 1.30 అయితే, తరువాతి వారం అదే 10 గంటలు మనకి 2.30. ఇంకోటి, లంక ఊళ్లో సిగ్నల్ సంగతి మీకే తెలుసు. ఆ రోజుకి ఏలూరులో ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లిపోండి. ఒక రోజు ముందు అదే చోట నుంచి వీడియో కాల్ టెస్ట్ చేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫారిన్ ఆఫర్ "వచ్చింది" అంటే ఏం వచ్చింది? ఇంటర్వ్యూలో "యూ ఆర్ సెలెక్టెడ్" అన్నది ఒక మెట్టు. ఆఫర్ లెటర్ ఇంకోటి. సంతకాలు అయిన కాంట్రాక్ట్ వేరు. వీసా వేరు. విమానం టికెట్ చివర్లో. ఈ మెట్లలో ఏ ఒక్కటైనా ఆగిపోవచ్చు. జర్మనీకైతే మీ డిగ్రీ, మీ యూనివర్సిటీ అక్కడ గుర్తింపు ఉన్నవేనా అని అనాబిన్ అనే వాళ్ల డేటాబేస్‌లో చూస్తారు. ఇంటర్వ్యూకి ముందే మీరే చూసుకోండి, ఉచితమే. యూకేకైతే 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం హద్దు ఏడాదికి 41,700 పౌండ్లు చేశారు. కొత్తగా కెరీర్ మొదలుపెట్టేవాళ్లకి, కొన్ని రకాల ఉద్యోగాలకి తక్కువ హద్దులున్నాయి. మీకు చెప్పిన జీతం మీకు వర్తించే హద్దు దాటుతుందా అని అడగండి. అమెరికా హెచ్1బీ సంగతైతే మార్చిలో లాటరీ, పేరొస్తే అక్టోబర్ నుంచి ఉద్యోగం. పైగా 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఇక్కడి నుంచి ఫ్రెషర్‌ని నేరుగా తీసుకెళ్తామని ఎవరైనా అంటే ఆ లక్ష డాలర్లు ఎవరు కడుతున్నారో అడగండి.

అందుకే నా మాట ఇది. వీసా చేతికి వచ్చేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా పెట్టొద్దు. ఆఫర్ లెటర్ చూసి రాజీనామా చేసి, వీసా ఆగిపోయి, ఊళ్లో "ఎప్పుడు వెళ్తున్నావురా?" అని అడిగేవాళ్లకి మొహం చాటేయడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

"మరి ఇక్కడ జాయిన్ అయి, అది వచ్చాక వదిలేయొచ్చా?" ఈ ప్రశ్నకి ఒకే జవాబు లేదండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అయితే ముందు మీ ప్లేస్‌మెంట్ సెల్ రూల్స్ చదవండి. ఒక ఆఫర్ ఒప్పుకున్నాక ఇంకో కంపెనీకి కూర్చోనివ్వని కాలేజీలు చాలా ఉన్నాయి. గూడెం నిట్ లాంటిది చూడండి, మొదలైంది 2015లో. వరంగల్‌తో పోలిస్తే పిల్ల కాలేజీ. ఇలాంటి చోట్లకి కంపెనీలు వచ్చే అలవాటు ఇప్పుడిప్పుడే పడుతోంది. నలుగురు ఒప్పుకుని, జాయినింగ్ రోజున కనబడకుండా పోతే, వచ్చే ఏడాది ఆ కంపెనీ రాకపోవచ్చు. ఆ నష్టం మీకు కాదు, మీ జూనియర్‌కి. నా అభిప్రాయం అడిగితే, మూడు వారాల్లో వదిలేస్తానని ముందే తెలిసి జాయిన్ అవ్వడం సరి కాదు. "వస్తుందో రాదో తెలీదు, ఆరు నెలలు పట్టొచ్చు" అన్న పరిస్థితిలో జాయిన్ అయి, మనసుపెట్టి పని చేసి, వచ్చినప్పుడు నోటీస్ ఇచ్చి వెళ్లడంలో తప్పు లేదు. నోటీస్ పీరియడ్ అనేది కాంట్రాక్టులో పెట్టింది అందుకే కదా.

పారిపోవడం మాత్రం వద్దు. నీతి కోసమే అనుకోకండి, మీ ఫైల్ కోసం కూడా. మీరు 20 రోజులు చేసినా పి.ఎఫ్. కట్టి ఉంటే మీ యూఏఎన్ నంబర్ కింద ఆ కంపెనీ పేరు, చేరిన తేదీ కనబడతాయి. రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో "ఇదేంటి?" అంటుంది. అప్పుడు రిలీవింగ్ లెటర్ చూపించాలి.

బాండ్ గురించి కూడా చెప్పాలి. "బాండ్ చెల్లదులే" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. అది సగం నిజం. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా పని చేయకూడదు అనే షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదు. కానీ ఇన్నేళ్లు పని చేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అనేది వేరే. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల సర్వీసుకి 2 లక్షల బాండ్‌ని సమర్థించింది. కాబట్టి సంతకం పెట్టేముందు అంకె చూడండి. ఆ అంకె కట్టి బయటపడగలనా అని లెక్కేసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ వదిలేయొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. పాస్‌పోర్ట్ అయితే అసలు మీది కూడా కాదు, చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి. ఏ కన్సల్టెన్సీ దగ్గరా తాకట్టు పెట్టే వస్తువు కాదు.

ఇప్పుడు నర్సింగ్ చదివిన చెల్లెళ్లు, తమ్ముళ్లు వినండి. మీ లెక్క వేరు. గల్ఫ్ ఆసుపత్రుల ప్రకటనల్లో చాలావాటిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. అంటే ఏలూరులోనో విజయవాడలోనో వచ్చిన ఆఫర్ మీ ఫారిన్ దారికి అడ్డు కాదు, అదే దారి. సౌదీ, దుబాయ్ లాంటి చోట్ల డేటాఫ్లో అనే వెరిఫికేషన్ ఉంటుంది. వాళ్లు మీ కాలేజీకి, మీరు పని చేసిన ఆసుపత్రికి నేరుగా రాసి అడుగుతారు. చెప్పకుండా మానేసిన ఆసుపత్రి మీ గురించి ఏం రాస్తుంది? అందుకే డ్యూటీ చేస్తూనే పరీక్షకి చదవండి, జర్మనీ అయితే భాష నేర్చుకోండి. వెళ్లేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకునే వెళ్లండి.

ఇక ఏజెంట్లు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్లడం మన ఇళ్లలో పాత కథే. ఎవరో ఒక పిన్ని, ఎవరో ఒక బాబాయ్ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. "ఇంటర్వ్యూ అయిపోయింది, లక్షన్నర కడితే వీసా" అనే ఫోన్ వస్తే, ఆ డబ్బు కోసం ఇక్కడి ఉద్యోగం వదిలేముందు ఈమైగ్రేట్ పోర్టల్ తెరవండి. ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడండి, గడువు ఉందో లేదో కూడా. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. రసీదు ఇవ్వాలి. "నేను ఆయన సబ్ ఏజెంట్‌ని" అంటే దానికి చట్టంలో చోటు లేదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అంటే ఫోన్ పెట్టేయండి. మన రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సొంత రిక్రూటింగ్ సంస్థ ఉంది, ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్టీఎస్ ఉంది. ఒక ఫోన్‌కి డబ్బులేం పోవు కదా.

ఇప్పుడు మన లంక ఊరి అబ్బాయి దగ్గరికి. టైమ్ అడిగాడు, పది రోజులు ఇచ్చారు. జర్మనీకి మెయిల్ పెట్టాడు, మూడో రౌండ్ ముందుకి జరగలేదు, ఇంకో నెల అన్నారు. ఏం చేయాలి? నేనైతే హైదరాబాద్ ఆఫర్ ఒప్పుకోమంటాను. బాండ్ లేకపోతే, నోటీస్ రెండు నెలలే అయితే ఆలోచించక్కర్లేదు. మూడో రౌండ్ కూడా వదలొద్దు, సెలవు పెట్టి రాయండి. అది వచ్చినా వీసాకి నెలలు పడుతుంది, నోటీస్ అందులోనే గడిచిపోతుంది. అదే బాండ్ మూడేళ్లు, అంకె 3 లక్షలు అంటే నా జవాబు మారుతుంది. అప్పుడు హెచ్.ఆర్.తో ఆ అంకె గురించే మాట్లాడమంటాను. తగ్గించకపోతే, ఇంట్లో రెండు నెలలు మోయగల శక్తి ఉంటే, వద్దని మర్యాదగా రాసేయమంటాను.

వద్దని రాయడం కూడా ఒక మెయిలే. రెండు లైన్లు, థాంక్స్ చెప్పి, కారణాలు ఏకరువు పెట్టకుండా. ఆ హెచ్.ఆర్. రెండేళ్ల తరువాత ఇంకో కంపెనీలో మీకు ఎదురవ్వొచ్చు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఒక ఫారిన్ కాంట్రాక్ట్ తీసుకుని లైన్ లైన్ చదువుదాం, జీతంలో ఇంటి అద్దె ఎక్కడ దాక్కుంటుందో చూద్దాం. మీ దగ్గర ఆఫర్ లెటర్ ఉంటే పేరు, కంపెనీ చెరిపేసి పంపండి. ఉంటానండి.