డిగ్రీలో నాటకం చదివితే తప్పేమిటి?
(డిండోలి తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగం)



ఈ డిండోలి, లింబాయత్‌లలో సాంచాల మీద బతికిన మనవాళ్ల పిల్లలు ఇంజనీరింగో, బి.కామో చదువుతామంటే ఎవరూ అడ్డు చెప్పరు. మా వీధిలో రిటైరైన హవల్దార్ గారమ్మాయి మాత్రం "డ్రమెటిక్స్ చదువుతాను అంకుల్" అంది. ఆ ఇంట్లో నాలుగు రోజులు ఎవరికీ అన్నం సయించలేదు! మధ్యవర్తిగా నన్ను పిలిచారు.

ఆ చదువు దగ్గర్లోనే ఉంది. వడోదరలో 1886లో సయాజీరావ్ గాయక్వాడ్ మహారాజు పెట్టించిన సంగీత పాఠశాల, కాలక్రమంలో అక్కడి ఎం.ఎస్. యూనివర్సిటీ ప్రదర్శన కళల ఫ్యాకల్టీ అయింది. అందులో నాటకం డిగ్రీ సబ్జెక్టే. వేషం కట్టడమొక్కటే అనుకోకండి. గొంతు, నడక, లైటింగు, రంగాలంకరణ, నాటక చరిత్ర అన్నీ నేర్వాలి. చాకిరీలో మన పీటీ పరేడ్‌కేమీ తీసిపోదు.

హవల్దార్ గారి దిగులు వేరు. "అమ్మాయిని ఆఫీసర్‌ని చేద్దామనుకున్నాను సార్" అన్నారు. సి.డి.ఎస్. రాసి చెన్నై ఓ.టి.ఏ.కి వెళ్లడానికి గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ ఏదైనా చాలు కదా! ఎస్.ఎస్.బి.లో మూడు నిమిషాల లెక్చరెట్‌కే నోరు పెగలక తిరిగొచ్చిన కుర్రాళ్లను మనం చూడలేదా?

నా బెంగల్లా తెలుగు గురించే. అక్కడ నేర్పేది తెలుగులో కాదు. 1892లో 'కన్యాశుల్కం' ఆడిన జాతి మనది. ఈ పిల్లకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. వారానికి రెండు సాయంత్రాలు చదివిస్తానని ఒప్పుకున్నాను. ఫీజు తండ్రి కడతారు. ఉగాదికి ఆమె చేత ఒక తెలుగు నాటిక వేయిద్దాం. మైకు సెట్టు, స్టేజీ ఖర్చు సంఘం భరిస్తుందో లేదో ఇప్పుడే తేల్చండి.