లైబ్రరీ ఫొటోలో బిల్డింగ్ కాదు, దారి చూపిద్దాం

ఇంటి పన్ను కట్టేవాళ్లకి ఒక మాట. ఆ పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్నది అది. ఇంటి పన్ను 5000 అయితే 400 లైబ్రరీలకే. మరి మీ దగ్గర్లో లైబ్రరీ ఎక్కడుందో చెప్పగలరా? బడంగ్‌పేట్‌లో ఉంటూ నేనూ చెప్పలేకపోయాను. ఫోన్ తీసి మ్యాప్‌లో వెతికాను. చాలా వాటికి ఉన్న ఫొటోలు ఏంటంటే, దించిన షట్టరు, లేదంటే దండలు వేసుకున్న నాయకులు. అది చూసి ఎవరు వెళ్తారండి?

అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది కదా. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. మూసీ ఒడ్డున చాలా అందమైన బిల్డింగ్. బీటెక్ చదివే రోజుల్లో బస్సులో దాని ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో! అదేదో కోర్టు అనుకునేవాణ్ణి, నిజంగా. ఎవరు ఫొటో తీసినా ముందువైపు నుంచే తీస్తారు. గంభీరంగా ఉంటుంది, కానీ కొత్తవాళ్లకి వచ్చే డౌట్ వేరు: మనల్ని లోపలికి రానిస్తారా?

ఫొటో చెప్పాల్సింది దానికే. గేటు ఎటువైపు, టైమింగ్స్ బోర్డు, పేపర్లు చదివే గది, తెలుగు పుస్తకాల బీరువా, మెంబర్‌షిప్ అడగాల్సిన కౌంటర్, మంచినీళ్లు. దారి కూడా తీయండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడి నుంచి ఆటోలో దగ్గరే. బోర్డు ఫొటో పెడితే తీసిన తేదీ కూడా రాయండి, టైమింగ్స్ మారుతుంటాయి.

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు. ఒడ్డున ఉన్నవాళ్లకి పుస్తకాలు వస్తున్నాయని కళ్లకే కనిపించేది, వేరే ప్రచారం అక్కర్లేదు. ఇప్పుడు ఆ కాస్త పని ఫొటోతో చేయొచ్చు.

ఇక నా తప్పు చెప్తా. ఒక రీడింగ్ హాల్‌లో పోటీ పరీక్షలకి చదివేవాళ్లు నిండుగా ఉన్నారు. భలే ఫ్రేమ్ అనిపించి, ఎవర్నీ అడగకుండా తీసి పెట్టేశాను. సాయంత్రానికి ఒకతను మెసేజ్ చేశాడు. "అన్నా, ఉద్యోగం మానేసిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా బావ చూసి ఫోన్ చేశాడు." వెంటనే తీసేశాను. కానీ తెలియాల్సిన వాళ్లకి అప్పటికే తెలిసిపోయింది. తర్వాత సారీ చెప్దామని వెళ్లాను, అతను కనిపించలేదు. లైబ్రరీకి జనాన్ని రప్పిద్దామని తీసిన ఫొటో, ఉన్న ఒక్కణ్ణి వెళ్లగొట్టిందేమో.

అప్పటి నుంచి ముందు లైబ్రేరియన్ గారిని అడుగుతా, తర్వాత ఎదురుగా ఉన్నవాళ్లని. వద్దంటే ఎందుకని అడగను. వెనక నుంచి తీసిన వీపులు, పుస్తకం మీద చేతులు, బయట విప్పిన చెప్పుల వరస చాలు. లోపల మనుషులున్నారని తెలుస్తుంది. పిల్లలుంటే అమ్మానాన్నల్ని అడక్కుండా అసలు తీయను.

ఈ ఆదివారం మీ ఏరియా లైబ్రరీ దాకా వెళ్లి, గేటు, బోర్డు, ఈ రెండు ఫొటోలు మ్యాప్‌లో పెట్టండి. ఆదివారం మూసి ఉంటే అదీ రాయండి, ఇంకొకరికి ఆటో ఖర్చు మిగుల్తుంది.