ఇంటి బాటకు తగిన రాయి



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము చిన్నదిగనే తోచును. వీధినుండి మన వాకిలి వఱకు బండి వచ్చు బాటకు ఎట్టి రాయి పోయవలయును? ద్వారబంధమునకు టేకు వెదకుదుము; నేలకు నాపరాళ్లు వెదకుదుము; బాటకు మాత్రము చేతికందిన రాయి పోసి తృప్తి పడుదుము. ఆ యశ్రద్ధకు ఫలమెట్టిదో నేనెఱుగుదును.

కొన్నియేండ్ల క్రిందట మా వాకిట నున్నని గులకరాళ్లు పోయించితిని. చూచినవారెల్లరు మెచ్చిరి. ఆ కార్తికమాసపు వానలలో ఒకనాటి రాత్రి నా భార్యకు గుండెనొప్పి వచ్చినది. వైద్యశాలకు గొనిపోవ వచ్చిన వాహనము గడపకు పది గజముల దూరమున దిగబడినది. చక్రము తిరిగినకొలది గులక ప్రక్కలకు జాఱిపోయినది. తుదకు రోగిని మంచముపై వీధిదాక మోసికొనిపోతిమి. దైవానుగ్రహమున ప్రాణము దక్కినది. తప్పు నాదే, రాయి యందమును చూచితినిగాని గుణమును చూడనైతిని.

నదిలో పొరలి వచ్చిన గులకకు అంచులుండవు. శనగల రాశిలో కాలు దిగినట్లు దానిలో చక్రము దిగును. పగులగొట్టిన కంకర యట్లుగాదు. దాని అంచులు ఒండొంటితో చిక్కుకొని, బరువు పడినకొలది బిగియును. స్కాట్లండు దేశీయుడగు జాన్ లౌడన్ మెకాడమ్ (1756–1836) ఈ సూక్ష్మమును పట్టియే బాటలు వేయించెను. 6 ఔన్సులకు మించిన రాయి కూడదని యాతని నియమము. మెకాడం రోడ్డను మాట యాతని పేరున వచ్చినదే.

మన నెల్లూరు సీమలో దొరకు రాళ్లను చూతము. పెన్న గులక చూరునీరు పడుచోట వేయుటకు మిక్కిలి తగినది, బండిబాటకు తగదు. గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో వెలువడు తెల్లని పలుగురాయి గట్టిదే కాని, వాడియంచులు ఉత్తకాళ్లను కోయును. అభ్రకపు పొరలు కలిసినచో పట్టు తప్పును. బాటకు కావలసినవి రెండే: కొండరాతిని పగులగొట్టిన కంకర, మనవారు గ్రావెలని పిలుచు ఎఱ్ఱ గరుసు.

గరుసును కొనుటకు ముందు పరీక్షింపుడు. పిడికెడు తడిపి పిసికినచో ఉండ కట్టవలయును. ఉండ కట్టనిచో బంకమన్ను చాలదు, బాట బిగియదు. పిమ్మట గాజుగ్లాసులో నీటితో కలిపి నిలువ నుంచుడు. పైని పేరుకొను బంకమన్ను పలుచగా నున్న మేలు. మందముగా నున్నచో వానకు బురదయగును.

రేగడినేలపై నేరుగా కంకర పోసినచో తొలివానకే రాయి క్రిందికి దిగి, మన్ను పైకి వచ్చును. కావున మెత్తనిమన్ను తీసివైచి, 4 అంగుళముల గరుసు పఱచి, తడిపి, దిమ్మిసతో కొట్టింపవలయును. సముద్రపుటొడ్డు ఇసుకనేలలకును ఇదియే పునాది. దానిపై 40 మిల్లీమీటర్ల కంకర 4 అంగుళములు. సందులలో సన్నచిప్సును రాతిపొడియు పోసి, నీరు చల్లి రోలరు త్రిప్పింపవలయును. 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల బాటకు ఈ కంకర 100 ఘనపుటడుగులు, అనగా ఒక యూనిట్ అగును. అణగునుగాన నాలుగవవంతు అధికముగా తెప్పింపుడు. బాట నడుమ అంచులకంటె రెండున్నర అంగుళములు ఎత్తుగా నుండవలయును. నీరు నిలిచినచో ఏ రాయియు నిలువదు. ఇరుప్రక్కల అంచురాళ్లు పాతింపుడు. మనకు పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గదా. పని వేసవిలోనే ముగింపుడు.

ఒక హెచ్చరిక. చౌకయని తీరపు ఇసుకదిబ్బలను త్రవ్వకుడు. అది చట్టవిరుద్ధము, పైగా తుపానునాడు ఉప్పెనకు అడ్డు నిలుచునవి ఆ దిబ్బలే.

క్రొత్తకోడలు ఇంటికి వచ్చునది ఆ బాటనే. ధాన్యపు బండి వచ్చునది ఆ బాటనే. ఆపదవేళ రోగి వెడలవలసినదియు ఆ బాటనే. కావున కంటికి నచ్చిన రాయిని గాక, బరువునకు నిలుచు రాయిని కోరుకొనుడు.