పత్రమున లేని పతకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మహాభారతమున శకుంతల కుమారుని వెంటబెట్టుకొని దుష్యంతుని కొలువునకు వచ్చినపుడు ఆమె చేత ఉంగరము లేదు. రాజు ఆమె నెరుగననెను. సత్యము ఆమె పక్షముననే యున్నను సాక్షి లేకపోయెను. తుదకు ఆకాశవాణి పలికి ఆ యిల్లాలి మాట నిలిపెను. కాళిదాసు ఆ కథనే నాటకముగా మలచునపుడు ఉంగరమును కల్పించెను. అది నీటిలో జారిపోయినది, చేప మ్రింగినది, జాలరి చేతికి చిక్కి మరల రాజును చేరినది. ఉంగరము పోయినంత మాత్రమున జరిగిన వివాహము జరుగకపోలేదు. అయినను అది దొరకువరకు శకుంతలకు ఆదరము లేకపోయినది.

నేటి ఆకాశవాణి వార్తలు చెప్పునే గాని ఒకరి పక్షమున సాక్ష్యము చెప్పదు. ఈ కాలమున మనుష్యుడు చేసిన పనికి కాగితమే ఉంగరము. ఆ కాగితమున ఒక్క పంక్తి తప్పిపోయిన ఏమగునో, తప్పిన పంక్తిని మరల చేర్చుట కెంత శ్రమ పడవలయునో తెలిసికొనుటకు అమెరికా దేశపు సైనికుల పత్రముల కథ మిక్కిలి ఉపకరించును.

ఆ దేశమున సైనికుడు కొలువు ముగించి వచ్చునపుడు ఒక విడుదల పత్రము నిత్తురు. దానికి 'డి.డి. 214' అని పేరు. 1950 నుండి అది వాడుకలో నున్నది. చేరిన తేదీ, వీడిన తేదీ, హోదా, చేసిన పని, నడవడి, పొందిన పతకములు అన్నియు అందుండును. మాజీ సైనికునకు రావలసిన సౌకర్యములకెల్ల మూలమదియే. తుదకు సైనిక గౌరవముతో ఖననము జరుగవలెనన్నను ఆ పత్రమునే చూపవలయును.

పతకములు లోపించుటకు కారణములు పెక్కులు. సైనికుడు ఇల్లు చేరిన పిమ్మట ఉత్తరువు వెలువడవచ్చును. దళమున కంతటికి ఇచ్చిన బిరుదు తరువాత ప్రకటింపబడవచ్చును. ఒక్కమారుగా పెక్కుమందిని ఇండ్లకు పంపు తొందరలో గుమాస్తా ఒక పంక్తిని విడిచియుండవచ్చును. 'పతకము అలంకారమే గదా, లేకున్న నేమి?' అని కొందరందురు. శత్రువు చేత గాయపడిన వారికిచ్చు 'పర్పుల్ హార్ట్' పతకమును చూడుడు. అది గలవారికి మాజీ సైనికుల వైద్యశాలలలో ప్రాధాన్యము గలదు. అది పత్రమున లేనిచో, గాయము దేహమున నున్నను లెక్కలో లేనట్లే.

దిద్దుబాటు చేయు పద్ధతి గమనింపదగినది. పాత పత్రమును గీకి దిద్దరు. 'డి.డి. 215' అను వేరొక పత్రమును వ్రాసి దానికి జత చేయుదురు. లెక్కలు వ్రాయువారెల్ల రెరిగిన ధర్మమే ఇది: తప్పును మాయము చేయరాదు, సవరణ కనబడవలెను, దానికి తేదీయు చేవ్రాలును ఉండవలెను.

పొరపాటు స్పష్టమైనదైనచో సెయింట్ లూయీ నగరమందలి సైనికోద్యోగుల దస్త్రముల కేంద్రమునకు వ్రాసికొన్న చాలును. అచ్చట తేలని వ్యవహారము దిద్దుబాటు బోర్డునకు పోవును. 1946 నాటి చట్టము వలన ఏర్పడిన ఈ బోర్డులలో సభ్యులు సైనికులు కారు, పౌరోద్యోగులు. తప్పు తెలిసిన మూడేండ్లలో అర్జీ పెట్టుకొనవలెనని నియమము. న్యాయము కోరినచో ఆ గడువును మన్నించు అధికారము బోర్డునకు గలదు. సైనికుడు మరణించినచో అతని వారసులు అడుగవచ్చును. అయితే ఋజువు చూపు భారము అర్జీదారునిదే. నాటి ఉత్తరువులు, వైద్యశాల కాగితములు, దళపు దినచర్య పట్టీలు, తోడివారి ప్రమాణ పత్రములు సాక్ష్యముగా నిలుచును.

ఆ సాక్ష్యములకే గొప్ప ఆపద వచ్చినది. 1973 జులై 12వ తేదీన సెయింట్ లూయీ కేంద్రమునకు నిప్పంటుకొనెను. కోటి అరువది లక్షలు మొదలు కోటి ఎనుబది లక్షల వరకు సైనికుల దస్త్రములు నశించెను. 1912 నవంబరు మొదలు 1960 జనవరి వరకు పదాతిసైన్యమును వీడినవారి దస్త్రములలో నూటికి ఎనుబది పోయెను. వైమానికదళపు దస్త్రములును చాలవరకు కాలిపోయెను. వానికి నకళ్లు లేవు. రెండు మహాయుద్ధములలో పోరాడిన వారి జీవిత చరిత్రలు బూడిదయ్యెను.

అంతటితో ఆశ పోలేదు. ఉద్యోగులు వేరు కచేరీలలో మిగిలిన కాగితములనుండి ఒక్కొక్కని చరిత్రను తిరిగి కూర్ప నారంభించిరి. అందు మిక్కిలి తోడ్పడినవి తుది జీతపు చీటీలు. శూరుని శౌర్యమును పొగడిన కాగితము కాలిపోయినను, అతనికి జీతమిచ్చి వ్రాసికొన్న గుమాస్తా చీటీ మిగిలి, 'ఇతడు సైన్యమున నుండెను' అని సాక్ష్యము పలికినది. పద్దు వ్రాయుట చిన్నపనియని తలచువారు ఇది మరువరాదు. తమ విడుదల పత్రమును ముందుగనే తమ కౌంటీ కచేరీలో నమోదు చేయించుకొన్న వారికి ఆ నమోదు ఈ ఆపదలో అక్కరకు వచ్చెను.

ఇక హెన్రీ జాన్సను అను వీరుని కథ వినుడు. అతడు నల్లజాతివాడు, ఆల్బనీ నగరపు రైలు స్టేషనులో సామాను మోయు కూలి. 1917లో సైన్యమున చేరి ఫ్రాన్సుకు పోయెను. నాడు అమెరికా సైన్యమున నల్లవారి దళములు వేరు. అతని 369వ పదాతి దళమును ఫ్రెంచి సేనాధిపతుల క్రింద ఉంచిరి. 1918 మే 15వ తేదీ తెల్లవారకమునుపు అతడును నీధం రాబర్ట్సు అను తోడివాడును కావలి కాయుచుండగా, కనీసము పండ్రెండుమంది జర్మనులు వారిపై బడిరి. తీవ్రముగ గాయపడిన తోడివానిని శత్రువులు ఈడ్చుకొని పోవుచుండ, జాన్సను తన గాయములను లెక్కింపక కత్తి దూసి వారిపై దుమికి విడిపించెను. అతనికి తగిలిన గాయములు 21.

ఫ్రెంచివారు తమ 'క్రా ద గేర్' పతకము నిచ్చి గౌరవించిరి. స్వదేశము మాత్రము ఆ శౌర్యమునకు అతడు బ్రదికి యుండగా ఏ పతకమును ఈయలేదు. 1929 జులైలో అతడు మరణించెను. ఆల్బనీలో బీదల సమాధులలో ఎచ్చటనో పూడ్చిరని లోకము చిరకాలము నమ్మెను. తరువాత వెదకగా, సైనిక గౌరవములు పొందినవారు నిద్రించు ఆర్లింగ్టను శ్మశానమున 'విలియం హెన్రీ జాన్సను' అను పేర అతని సమాధి కనబడెను. పేరునకు ముందు ఒక్క మాట చేరినందున వీరుడు ఏడు పదుల యేండ్లు తప్పిపోయెను!

1996లో పర్పుల్ హార్టును, 2002లో 'డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాసు'ను మరణానంతరము అతనికిచ్చిరి. అత్యున్నతమైన 'మెడల్ ఆఫ్ ఆనర్'కు మాత్రము నాటి సాక్ష్యము చాలదనిరి. అంతట పోరు జరిగిన కొలది దినములకే సేనాధిపతి పెర్షింగు అతని శౌర్యమును మెచ్చుకొనుచు వ్రాసిన కాగితమును సెనేటరు షూమరు కార్యాలయమువారు పాత దస్త్రములలో వెదకి తీసిరి. గడువును సడలించుటకు కాంగ్రెసు చట్టము చేసెను. 2015 జూన్ 2వ తేదీన అధ్యక్షుడు ఒబామా ఆ పతకమును ప్రదానము చేసెను. పోరు జరిగి అప్పటికి 97 ఏండ్లు!

ఇందు మరియొక నీతి గలదు. అతని సంతతియని అందరును, తామును మనసార నమ్మిన కుటుంబమువారికి అతనితో రక్తసంబంధము లేదని ఆ యేడే వంశావళి పరిశీలనలో తేలెను. పతకమును న్యూయార్కు నేషనల్ గార్డు పక్షమున ఒక సార్జెంటు మేజరు అందుకొనెను. సత్యమును వెదకువాడు తనకు ప్రియమైన మాటనే గాక అప్రియమైన మాటను గూడ తలదాల్చవలెను. లేనిది చేర్చుట తప్పు. ఉన్నది విడుచుటయు అంత తప్పే. దిద్దుబాటు బోర్డు ముందు నిలుచువానికి ఈ రెండు ధర్మములును కావలెను.

మన దేశమునను సైన్యము వీడినవారికి డిశ్చార్జి పుస్తకము గలదు. అట్టివారున్న ప్రతి ఇంట దానిని తెరచి పేరు, తేదీలు, పతకములు సరిచూచుకొనుట మంచిది. తప్పున్నచో తోడివారు జీవించియుండగనే వారి మాటను వ్రాయించి చేవ్రాలు తీసికొనుడు. నకలు నొకదానిని వేరుచోట దాచుడు. చెదలు పట్టిన పిమ్మట విచారించి ఫలము లేదు.

గ్రంథాలయము పుస్తకములకు మాత్రమే ఇల్లు గాదు. గ్రామము తన వారిని మరువకుండుటకు కట్టుకొన్న ఇల్లు. ఇరువదియైదేండ్లుగా ఈ బీరువాలలో కాగితమును కాపాడినవారు చేసినది అదియే. ఏ జాలరి చేతికి ఏనాడు ఏ ఉంగరము దొరకునో ఎవ రెరుగుదురు? దొరకిననాడు గుర్తించుటకు మనము సిద్ధముగ నుండుదము గాక.

స్వస్తి.