సెరెండిపిటీ: అదృష్టం సగమే

ఈ రోజు ఒక ఇంగ్లీషు మాట గురించి చెబుతాను: సెరెండిపిటీ.

సెరెండిప్ అంటే శ్రీలంకకు పర్షియన్ల పాత పేరు. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథ చదివిన హొరేస్ వాల్పోల్ 1754లో ఒక ఉత్తరంలో ఈ మాట పుట్టించారు. దారిలో గడ్డి ఒకవైపే మేసి ఉండటం చూసి, అటు వెళ్లిన ఒంటెకు ఒక కన్ను లేదని ఆ రాకుమారులు పసిగట్టారు. వెతకనిది కంటపడటం, దాన్ని తెలివితో గుర్తించడం రెండూ కలిస్తేనే వాల్పోల్ దృష్టిలో సెరెండిపిటీ. ఇప్పటి వాడుకలో ‘అనుకోని అదృష్టం’ మిగిలింది, తెలివి జారిపోయింది.

మన పనికి ఆ జారిపోయిన సగమే ముఖ్యం. ఏదో వోచరు వెతుకుతుంటే వేరే చెక్కుమీద సంతకం తేడా కనబడవచ్చు. కనబడటం అదృష్టం. ఆగి సరిచూస్తేనే ఒక ఖాతాదారు కష్టార్జితం నిలుస్తుంది.