పేగుకు పడే చిల్లు – క్లిప్పుకు పెట్టే పరీక్ష



మన కేంద్రానికి వచ్చే ఒక పెద్దమ్మ పోయిన నెలలో ఒక కాగితం పట్టుకొచ్చింది. "టీచరమ్మా, నేనే కూడబలుక్కుని చదివాను. ఒక్క ముక్క దగ్గర గుండె జల్లుమంది" అంది.

ఆ కాగితం ఆస్పత్రి వాళ్ళు ఇచ్చింది. పెద్దమ్మకు విరేచనంలో రక్తం పడుతోంది. గొట్టం వేసి పెద్ద పేగు చూడాలని డాక్టరు చెప్పారు. అందుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. కాగితంలో ఒక చోట ఇలా ఉంది: "అరుదుగా పేగుకు రంధ్రం పడవచ్చు."

"పేగుకు చిల్లు పడితే మనిషి బతుకుతాడా? నేను పోను" అంది పెద్దమ్మ.

అప్పటికి నాకూ జవాబు తెలియదు. డాక్టరమ్మను అడిగాను. పుస్తకాలు చూశాను. తెలుసుకున్నది ఈ రోజు మీకు చెబుతాను.

ఆ గొట్టాన్ని ఎండోస్కోపు అంటారు. అది వేలంత లావు ఉంటుంది. ఎటంటే అటు వంగుతుంది. కొసన చిన్న దీపం, కెమెరా ఉంటాయి. లోపల ఉన్నది టీవీలో కనబడుతుంది. కోత లేకుండా కడుపు లోపల చూడవచ్చు. పేగులో పిలకల్లాగా పెరిగిన కండను కత్తిరించవచ్చు కూడా.

పేగు గోడ పలచన. ఎప్పుడైనా గొట్టం ఒత్తుకుంటే చిల్లు పడవచ్చు. కండ కత్తిరించేటప్పుడు కూడా పడవచ్చు. ఊరికే చూసే పరీక్షలో వెయ్యి మందికి ఒకరికి కూడా ఇలా జరగదు. కాని జరిగితే ప్రమాదమే. పేగులోని మలం కడుపులోకి కారుతుంది. చీము పడుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

పూర్వం దీనికి ఒకటే దారి. కడుపు కోసి, చిల్లు కుట్టాలి. తర్వాత డాక్టర్లు ఇంకో దారి వెదికారు. "గొట్టం లోపలే ఉంది కదా! ఆ గొట్టంతోనే చిల్లు మూస్తే?" అనుకున్నారు. జర్మనీలో డాక్టర్లు ఒక రోగి జీర్ణకోశానికి పడిన చిల్లును చిన్న లోహపు క్లిప్పులతో మూశారు. 1993లో ఆ సంగతి పత్రికలో రాశారు. 1997లో జపాను డాక్టర్లు పెద్ద పేగు చిల్లును అలాగే మూసినట్టు రాశారు.

మనం జడకు క్లిప్పు పెడతాం. రెండు పాయలను కలిపి పట్టి ఉంచుతుంది. ఇదీ అంతే. కాని చిన్న క్లిప్పు గోడ పైపొరనే పట్టుకుంటుంది. పెద్ద చిల్లుకు చాలదు. అందుకని జర్మనీలోనే ఒక పెద్ద క్లిప్పు తయారు చేశారు. అది ఎలుగుబంటి పంజాలాగా ఉంటుంది. నికెలు, టైటానియం అనే లోహాలు కలిపి చేస్తారు. దాన్ని గొట్టం కొసకు టోపీలాగా తొడుగుతారు. చిల్లు అంచులను టోపీలోకి లాగుతారు. క్లిప్పు వదులుతారు. అది టక్కున మూసుకుని, గోడను మందంగా పట్టేస్తుంది.

ఈ పనిలో మన హైదరాబాదుకూ సంబంధం ఉంది. 2004లో అక్కడి డాక్టర్లు నాగేశ్వర్ రెడ్డి గారు, జి.వి. రావు గారు ఒక కొత్త సంగతి లోకానికి చెప్పారు. నోటి గుండా గొట్టం పంపి, జీర్ణకోశానికి కావాలనే చిల్లు చేసి, ఆ దారిలో అపెండిక్సు తీశామన్నారు. పైన కోత లేదు. చిల్లు చేసి లోపలికి పోవచ్చు. మరి వచ్చేటప్పుడు దాన్ని గట్టిగా మూయాలి కదా! దాంతో చిల్లు మూసే పరికరాల మీద పరీక్షలు ఇంకా జోరుగా సాగాయి.

మరి కొత్త పరికరం మంచిదని ఎలా తెలుస్తుంది? ఇది ముఖ్యం. జాగ్రత్తగా వినండి.

సైకిలు షాపులో పంక్చరు వేయడం చూశారు గదా. ప్యాచీ వేశాక ఏం చేస్తారు? ట్యూబులో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచుతారు. బుడగలు వస్తే ప్యాచీ పట్టలేదు. రాకపోతే పట్టింది.

క్లిప్పుకూ మొదటి పరీక్ష ఇదే. చచ్చిన పంది జీర్ణకోశం గాని, పేగు గాని తెస్తారు. దానికి చిల్లు చేస్తారు. క్లిప్పుతో మూస్తారు. నీళ్ళలో ముంచి గాలి పంపుతారు. ఎంత ఒత్తిడికి బుడగలు వచ్చాయో కొలిచి రాస్తారు. ఇంకో పేగును డాక్టరు చేతి కుట్టుతో మూసి, దాన్నీ కొలుస్తారు. కొత్త క్లిప్పు చేతి కుట్టుకు సాటి రావాలి.

రెండో పరీక్ష బతికున్న పంది మీద. మత్తు ఇచ్చి చిల్లు చేసి మూస్తారు. కొన్ని రోజులు కనిపెట్టి ఉంటారు. తర్వాత లోపల గాయం మానిందా, చీము పట్టిందా అని చూస్తారు.

ఈ రెండూ దాటితేనే మనిషి దగ్గరకు రావాలి. ఆ పెద్ద క్లిప్పును పేగు, జీర్ణకోశం, అన్నవాహికలకు చిల్లు పడిన 36 మంది రోగుల మీద చూశారు. 2012లో ఫలితం రాశారు. 32 మందికి నయమైంది. నలుగురికి కాలేదు. ఆ నలుగురి సంగతి దాచలేదు, రాశారు. మంచి పరీక్ష అంటే అదే. గెలిచింది ఒక్కటే చెబితే అది పరీక్ష కాదు, ప్రకటన.

ఇంకో మాట. ఈ క్లిప్పు అన్ని చిల్లులకూ పనికిరాదు. చిల్లు పడిన వెంటనే, మలం కారకముందే వేయాలి. టైఫాయిడ్ ముదిరినా చిన్న పేగుకు చిల్లు పడుతుంది. దానికి ఆపరేషనే దారి. జ్వరం ఉన్న మనిషికి ఒక్కసారిగా కడుపునొప్పి వచ్చి, పొట్ట రాయిలా బిగుసుకుంటే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు సంతకం సంగతి. పెద్దమ్మ తెచ్చింది వైద్యానికి ఒప్పుకునే కాగితం. కొత్త పరికరాన్ని మన మీద పరీక్షించాలంటే అది వేరే కాగితం. దానికి మన దేశంలో 2017లో నిబంధనలు వచ్చాయి. సంగతి అంతా మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదవలేని వారి పక్కన, ఆ పరీక్షతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. మనం వద్దనవచ్చు. ఒప్పుకున్నాక కూడా మధ్యలో మానుకోవచ్చు. అందువల్ల మామూలు వైద్యం ఆపకూడదు.

పెద్దమ్మ ఏం చేసిందంటారా? మూడు ప్రశ్నలు తన చేత్తోనే రాసుకుని వెళ్ళింది. చిల్లు పడితే ఇక్కడే మూస్తారా? ఆపరేషను చేసే డాక్టరు అందుబాటులో ఉంటారా? ఇంటికి పోయాక ఏం కనబడితే తిరిగి రావాలి?

డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. నొప్పి ఎక్కువైనా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. అప్పుడు పెద్దమ్మ సంతకం పెట్టింది. పేగులో ఒక పిలక ఉంటే తీసేశారు. చిల్లు పడలేదు.

అంతకు ముందు ఆమె ఎన్నో కాగితాల మీద వేలిముద్ర వేసింది. ఏ ఒక్కటీ చదవలేదు. "ఈసారి తెలిసి పెట్టానమ్మా" అంది. మనం అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే కదా!

మాట్లాడుకుందాం

1. క్లిప్పు పరీక్షకూ పంక్చరు పరీక్షకూ పోలిక ఏమిటి?
2. నయం కాని నలుగురి సంగతి కూడా ఎందుకు రాయాలి?
3. ఆస్పత్రిలో సంతకం పెట్టే ముందు మీరు ఏమేం అడుగుతారు? రాయండి.