తుప్పు పట్టిన బ్రేకు పెడలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. యుద్ధాల గురించి చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఎయిర్‌ఫోర్సులో ఇంజిన్ ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. నాకు పానా పట్టడమే తెలుసు. అందుకని ఒక చిన్న పని గురించి చెబుతాను. పాత మోటారు సైకిలుకు తుప్పు పట్టిన బ్రేకు పెడలును బాగుచేయడం. ఇదీ ఒక విషయమేనా అని నవ్వకండి. ఆ పని ఒకసారి నేను సగం చేసి వదిలేస్తే మా అమ్మ చెయ్యి విరిగింది.

మాది ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ. టాటానగర్ లైన్లో నిమ్‌పురా తరవాతి స్టేషను కలైకుండా. అక్కడి విమానాల చప్పుడు వింటూ పెరిగాను గనుకనే ఎయిర్‌ఫోర్సులో చేరానేమో!

నాన్నగారు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకొక సెకండ్‌హ్యాండు 350 బుల్లెట్ ఉండేది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన నాటి నుంచీ ఆ బండి మన జవాన్లకు చుట్టమే కదా. పాత బుల్లెట్లకు గేరు కుడి కాలి కింద, వెనక బ్రేకు ఎడమ కాలి కింద ఉండేవి.

1988 ఆగస్టులో జోధ్‌పూర్ నుంచి సెలవు మీద ఇంటికి వెళ్లాను. జోధ్‌పూర్‌లో ఇసుక తప్ప తడి ఉండదు. నిమ్‌పురాలో ముసురు పట్టి ఉంది. బుల్లెట్ బ్రేకు పెడలు తొక్కితే కిందికి దిగుతోంది గానీ కాలు తీస్తే పైకి రావడం లేదు. నాన్నగారు "ఒకసారి చూడరా" అన్నారు. నేను ఇంజిన్ ఆయిలు నాలుగు చుక్కలు పోసి, పెడలును పదిసార్లు ఆడించి, "ఓకే నాన్నా" అని చేతులు కడుక్కున్నాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

నాలుగు రోజులకు మా తమ్ముడు అమ్మను వెనక ఎక్కించుకుని గోల్ బజారుకు బయల్దేరాడు. దారిలో పెడలు మళ్లీ పట్టేసింది. బ్రేకు పట్టుకునే ఉండిపోయి డ్రమ్ము కాలిపోతోంది. వాడికి తోచినట్టు బ్రేకు రాడ్డు నట్టును బాగా వదులు చేసి ముందుకు కదిలాడు. మలుపులో సైకిల్ రిక్షా అడ్డొచ్చింది. పెడలు చివరిదాకా తొక్కినా బ్రేకు అందలేదు. ఇద్దరూ పడ్డారు. తమ్ముడికి గీరుకుపోయింది. అమ్మకు కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన తరవాత కూడా ఆ చెయ్యి మునుపటిలా తిరగలేదు. రోలు దగ్గర కూర్చోవడం మానేసింది.

నాన్నగారు తిట్టలేదు. ఆ రాత్రి వరండాలో బండి దగ్గర కూర్చుని అడిగారు. "ఏటి చేసేవురా ఆ రోజు? నూనె పోసేవు సరే. తుప్పు తీసేవా?" నేను మాట్లాడలేదు. "ఇదే ఇమానమైతే సంతకం పెట్టేవా?"

ఫారం 700 మీద సంతకం అంటే ఏమిటో ఇక్కడున్న ఎయిర్‌ఫోర్సు మిత్రులకు చెప్పనక్కర్లేదు. ఆ సంతకం నమ్మి పైలట్ ఎక్కుతాడు. మా ఇంట్లో నా "ఓకే" నమ్మి అమ్మ ఎక్కింది.

మర్నాడు పొద్దున్న నాన్నగారు పక్కన కూర్చుని నాచేతే మొత్తం పని చేయించారు. అదే మీకు మనవి చేస్తున్నాను.

మొదట జబ్బు ఎక్కడో తెలుసుకోవాలి. బండిని సెంటర్ స్టాండు వేసి, పెడలు దగ్గర బ్రేకు రాడ్డు విప్పాలి. ఇప్పుడు పెడలును విడిగా, చక్రం దగ్గరి బ్రేకు లీవరును విడిగా ఆడించాలి. ఏది బిగుసుకుంటే జబ్బు దానిలో ఉన్నట్టు. మాకు పెడలు తిరిగే పిన్నులోనే ఉంది.

తుప్పు ఎందుకు పట్టేస్తుంది? ఇనుము తుప్పుగా మారితే అసలు ఇనుముకంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పిన్నుకూ బుష్షుకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు పూడిపోతుంది. పైన పోసిన నూనె లోపలికి పోదు. పోయిన కాస్తా తుప్పుపొడితో, దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. ఒక రోజు కదులుతుంది, తరవాత ఇంకా గట్టిగా పట్టేస్తుంది. నేను చేసింది అదే.

పిన్ను రాకపోతే సుత్తితో బాదకూడదు. కిరసనాయిల్లో కాస్త ఇంజిన్ ఆయిలు కలిపి పోసి రాత్రంతా వదిలేయాలి. ఇప్పుడు అందుకు స్ప్రేలు దొరుకుతున్నాయి. ఓపిగ్గా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. కొట్టక తప్పకపోతే మధ్యలో కర్రముక్క పెట్టాలి. స్ప్రింగు ఏ కొక్కేనికి ఎటు తగిలించి ఉందో ముందే చూసుకోవాలి.

బయటికి వచ్చాక వైరు బ్రష్షు, ఆపైన సన్నని ఎమరీ గుడ్డ. పిన్ను నున్నబడాలి గానీ సన్నబడకూడదు. పుల్లకు గుడ్డ చుట్టి బుష్షు లోపల కూడా తుడవాలి. తరవాత కిరసనాయిలుతో కడగడం మరవకండి. ఎమరీ రజను మిగిలితే అది కొత్తగా అరగదీస్తుంది. ఆరాక పిన్ను పెట్టి చూస్తే లొడలొడ ఆడకూడదు. ఆడితే పిన్నో బుష్షో మార్చాలి. గ్రీజు దానికి మందు కాదు.

గ్రీజు పల్చగా, పిన్ను చుట్టూ పూయాలి. చక్రం దగ్గరి క్యామ్ స్పిండిల్ పట్టేసి ఉంటే దానికీ ఇదే పద్ధతి. కానీ అక్కడ వేడికి కరగని గ్రీజు, అదీ చాలా కొద్దిగా. బ్రేకు షూ మీద చుక్క పడినా బ్రేకు పోయినట్టే. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదవద్దు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవాలి.

బిగించేటప్పుడు కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. బ్రేకు పట్టుకునేలోపు పెడలు కొన ఎంత దిగాలో బండి పుస్తకంలో ఉంటుంది, అంతే ఉంచాలి. చక్రం తిప్పి చూడాలి, పెడలు తొక్కి వదిలి చూడాలి. చివరికి ఖాళీ రోడ్డుమీద నెమ్మదిగా తోలి చూడాలి. అప్పుడు గాని "ఓకే" అనకూడదు.

పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ముందు నేను ఐదు నిమిషాల్లో ముగించిన పని అది!

ఇప్పుడు బళ్లు మారాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అయినా మోటారు సైకిలుకు కాలి కింద పెడలు తిరిగేది ఇప్పటికీ ఒక పిన్ను మీదే. దానికి వాన తగులుతుంది, దుమ్ము తగులుతుంది.

మిత్రులారా, యూనిట్లో మనం జాగ్రత్తగా ఉండటంలో గొప్పేమీ లేదు. అక్కడ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, పైన చూసేవారుంటారు. ఇంట్లో మన పనిని తనిఖీ చేసేవారు ఉండరు. మనవాళ్లు మనల్ని నమ్మి ఎక్కి కూర్చుంటారు, అంతే. మీలో చాలామంది ఇళ్లలో ఒక పాత బండి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని స్టాండు వేసి, పెడలు తొక్కి వదలండి. అది దానంతటదే పైకి రాకపోతే నూనె డబ్బా కోసం వెతక్కండి. ముందు పానా తీయండి.

అమ్మ చివరిదాకా ఎడమ చేత్తోనే చెంబు ఎత్తేది. నన్ను ఒక్కమాట అనలేదు. అందుకే ఈ మాట నేను మీతో చెప్పుకున్నాను.

 జై హింద్.